ముప్పై ఒకటో సీసా

“పాలగిన్నె పక్కనా? పోయి పోయి పాలగిన్నె పక్కన పెట్టావా దీన్ని?”

అత్తగారు ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఆ సీసాని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది. ఆవిడ గొంతు వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వినిపించింది.

“నిన్న సాయంత్రం ఇంకెక్కడా చోటు లేక పెట్టాను అత్తయ్యా. ఇవాళ కమిటీ వాళ్లకి చూపించాలి కదా. షెడ్డులో ఉంటే ఎవరైనా తన్నేస్తారేమోనని ఇంటికి తెచ్చాను,” అంది నాచమ్మ తల తుడుచుకుంటూ.

“తొమ్మిదేళ్లుగా ఇంట్లో అందరి ముక్కులూ పాడైపోతున్నా ఎవరికీ పట్టదు. దీనికి మాత్రం చల్లగా పడక! ఇప్పుడీ పాలు ఎవరు తాగుతారు? నువ్వు తాగుతావా?”

“మూత గట్టిగానే పెట్టాను.”

“నీ ముక్కు చచ్చి ఎన్నేళ్లయిందో తల్లీ! నీకు మూత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.”

ఆ మాట అబద్ధం కాదు. నాచమ్మకి సర్టిఫికెట్ల మీద లక్షణమైన పేరు ఇంకోటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే పలకదు. ఊరి మురుగునీటి చెరువుల్లో పెరిగే పచ్చటి నాచుని తెచ్చి ఇంధనం చేస్తానని షెడ్డు పెట్టిన నాటి నుంచీ వీధి వీధంతా ఆమెని నాచమ్మనే అంటోంది. ఆ నాచు నూనె కంపు ఎలాంటిదంటే, వెంట్రుకలు కాలిన వాసనా, పాత గోమూత్రం వాసనా కలిపి ఊపిరి తీయమన్నట్టుంటుంది. షెడ్డులో నిలబడి వచ్చిన చొక్కా మూడు ఉతుకులకి గాని మనిషి చొక్కా కాదు. ఆ కంపులో తొమ్మిదేళ్లు నిలబడేసరికి నాచమ్మకి మల్లెపువ్వూ ఒకటే, మురిగిన కూరా ఒకటే అయిపోయింది.

“ఉండు, ఈ పాల సంగతి తేలుద్దాం,” అని అత్తగారు కోపంగా సీసా మూత తిప్పి, కోడలి తప్పు రుజువు చేయడానికి ముక్కు దగ్గర పెట్టుకుంది.

పెట్టుకుని, మొహం చిట్లించలేదు. మళ్లీ వాసన చూసింది.

“ఇదేంటమ్మాయ్? ఇందులో మీ కంపు లేదే.”

“అది ముప్పై ఒకటో బ్యాచ్ అత్తయ్యా. అన్నిటికంటే బాగా వచ్చింది అదే. వేడి సరిగ్గా నిలబెడితే కంపు తగ్గుతుందట, మీ అబ్బాయే చెప్పారు.”

“తగ్గడం కాదు. కొంచెం ఉందిలే, కానీ దాని మీద ఇంకేదో ఉంది.” ఆవిడ మూడోసారి పీల్చింది. “ఇది మాడిన వంటనూనె. నువ్వు జ్వరంతో పడుకున్న రోజు వాడి బట్టలు ఉతికినప్పుడే అనుకున్నాను. కంపు లేదు గానీ జిడ్డు ఒక పట్టాన వదల్లేదు. మీ మామయ్య ముప్పై ఏళ్లు క్యాంటీన్‌లో వంట చేశారు. ఆయన చొక్కాలు ముప్పై ఏళ్లు ఉతికాను. నాకు తెలీదా ఆ జిడ్డు?”

అత్తగారికి ఇందులో కుట్ర ఏమీ కనపడలేదు. పాలు బతికాయి, ఆవిడకి అదే చాలు. సీసా బల్ల మీద పెట్టి, గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నాచమ్మ సీసా చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. నల్లటి నూనె అడుగున రెండు వేళ్ల మందాన తెల్లగా, కొవ్వొత్తి మైనంలా పేరుకుని ఉంది.

ఆమె కుర్చీలో కూలబడింది.

చెరువు నాచు నుంచి వచ్చే నూనె చల్లబడితే తారులా చిక్కబడుతుంది. జిగురుగా అవుతుంది. గరిటె తిప్పలేనంత బిగుస్తుంది. అంతేగాని తెల్లగా పేరుకోదు. అలా పేరుకునేది వంటనూనెలోని కొవ్వు. ఈ సంగతి కెమిస్ట్రీ చదివిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఈ సీసా నాలుగు నెలలుగా షెడ్డు వేడిలో ఉంది కాబట్టి బయటపడలేదు, ఒక్క పూట ఫ్రిజ్‌లో పెట్టేసరికి బయటపడింది.

ముప్పై ఒకటో బ్యాచ్. వంద పాళ్ల నాచుకి ముప్పై తొమ్మిది పాళ్ల నూనె.

అంతకు ముందు ముప్పై బ్యాచ్‌లలో ఏదీ ఇరవై ఏడు దాటలేదు. ముప్పై ఐదు వస్తే తప్ప మునిసిపాలిటీ వాళ్లు చెరువులు అప్పగించబోమన్నారు. అప్పగించకపోతే మట్టి పోసి పూడ్చి బస్సులు నిలబెట్టుకుంటారు. చెరువులు పోతే నాచు పోతుంది, నాచు పోతే షెడ్డు పోతుంది. అలాంటి రోజుల్లో ముప్పై తొమ్మిది వచ్చింది. ఆ అంకె చూసే పదకొండు గంటలకి మునిసిపాలిటీ కమిటీ వస్తోంది.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ బ్యాచ్ ఎవరు దగ్గరుండి నడుపుతారో వాళ్లే పుస్తకంలో బరువులు రాసి సంతకం పెట్టాలి. ఆ పద్ధతి పెట్టింది నాచమ్మే. దాన్ని ఒక్కసారి తప్పిందీ నాచమ్మే. ముప్పై ఒకటో బ్యాచ్ నడిచిన రోజు ఆమె జ్వరంతో మంచం మీద ఉంది. బ్యాచ్ నడిపిన భర్త మూడో రోజు పుస్తకం మంచం దగ్గరికే తెచ్చాడు. ‘నువ్వు కెమిస్టువి, నా సంతకం ఎవడిక్కావాలి?’ అని నవ్వుతూ కలం చేతిలో పెట్టాడు. ముప్పై తొమ్మిది అన్న అంకె చూసి ఆమె ఆ జ్వరంలోనే లేచి కూర్చుంది. కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది.

మొగుడు రాసిన అంకె కింద కళ్లు మూసుకుని సంతకం పెట్టిన కెమిస్టు ప్రపంచంలో ఈవిడొక్కతే కాదేమో, కానీ ఇప్పుడు ఆ ఓదార్పు ఆమెకి దేనికీ పనికి రాదు.

“వదినా, నా దువ్వెన చూశావా?”

మరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. షెడ్డులో పంపు చూసేది అతనే. అందరూ అతన్ని ‘పంపు’ అనే పిలుస్తారు. కమిటీ వస్తోందని కొత్త చొక్కా వేసుకున్నాడు.

“నీ చొక్కా జేబులోనే ఉంది. ఇలా వచ్చి కూర్చో.”

“టైమవుతోంది వదినా. అన్నయ్య ఆరింటికే వెళ్లిపోయాడు. నేను లేకపోతే—”

“కూర్చోమన్నానా!”

కూర్చున్నాడు. బల్ల మీది సీసా చూశాడు. చూసి, చటుక్కున గోడ మీది గడియారం వైపు తిరిగాడు.

“ఇందులో ఏం కలిపావు?”

“నేనా? నేనేం కలుపుతాను? నాకు వంటే రాదు.”

“వంట సంగతి ఎవరడిగారు?”

మరిది దువ్వెన జేబులోంచి తీసి, దువ్వుకోకుండా మళ్లీ పెట్టుకున్నాడు.

“నా మంచితనం చూసి ఆడుకున్నావా? నేను మంచం మీద పడి ఉంటే, నువ్వక్కడ నా బ్యాచ్‌లో నూనె పోస్తావా? మీ అన్నయ్యకి తెలిస్తే నీ చర్మం ఒలుస్తాడు, తెలుసా?”

అతను ఆమె మొహంలోకి అదోలా చూశాడు. ఆ చూపులో భయం లేదు, జాలి ఉంది. నాచమ్మకి ఒళ్లు మండింది.

“ఏంటా చూపు?”

“వదినా, నన్ను తిట్టు, పడతాను. కొట్టినా పడతాను. కానీ అన్నయ్యకి తెలిస్తే అనకు. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.”

పొయ్యి మీద పాలు పొంగు మీదున్నాయి. అత్తగారు మంట తగ్గించింది. ఇటు తిరగలేదు గానీ వింటోందని ఆవిడ వీపే చెబుతోంది.

“సరిగ్గా చెప్పు,” అంది నాచమ్మ నెమ్మదిగా.

“నేను డబ్బాలు మోశాను, అంతే. క్యాంటీన్ వెనక పారబోసే నూనె. తెమ్మన్నాడు, తెచ్చాను. ఎందుకని అడిగితే, మీ వదిన కోసమే, నోరు మూసుకో అన్నాడు.”

“ఎన్ని డబ్బాలు?”

“అప్పుడు రెండు.”

“అప్పుడు రెండా? మరి ఇంకెప్పుడు?”

మరిది కొత్త చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు.

“నిన్నే అడిగేది.”

“నిన్న,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “నిన్న సాయంత్రం ఒకటి. ఇవాళ కమిటీ ముందు పోయాల్సిన డ్రమ్ములోనే.”

*

షెడ్డుకి నడిచి వెళితే పావుగంట. నాచమ్మ ఆ పావుగంటా ఏం ఆలోచించిందో ఆమెకే గుర్తు లేదు. దారిలో కొట్టువాడు పలకరిస్తే జవాబు చెప్పలేదని అతను తర్వాత అందరితో చెప్పుకున్నాడు. సంచిలో సీసా ఉంది.

ఆయన ‘కుక్కరు’ ముందు కూర్చుని బోల్టుల దారాలకి గ్రీజు రాస్తున్నాడు. కుక్కరంటే వాళ్ల యంత్రమే. మనిషి నడుము ఎత్తున, అరచేయి మందం ఉక్కుతో ఆయన స్వయంగా చేసింది. చెరువు నాచుని ఎండబెట్టే పని లేదు. నీళ్లతో సహా గంజిలా చిక్కగా ఉన్నదాన్ని అందులో పోసి, పన్నెండు బోల్టులతో మూత బిగించి, మూడు వందల నలభై డిగ్రీల దాకా వేడి చేస్తారు. మూత బిగువుకి నీళ్లు మరగలేవు. మరగలేక, ఆ కోపమంతా నాచు మీద చూపిస్తాయి. పావుగంటలో నాచు కాస్తా నల్లటి నూనె అవుతుంది. భూమి కింద కోట్ల ఏళ్లు పట్టే పనిని పావుగంటలో చేస్తున్నామని నాచమ్మ మొదట్లో వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చెప్పేది.

“వచ్చావా? ఆ చివరి మీటరు ఒకసారి చూడు. ముల్లు కొంచెం—” అంటూ తలెత్తి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె సంచిలోంచి సీసా తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. “ముప్పై ఒకటి. బాగానే ఉందిగా. ఏమైంది?”

నాచమ్మ చూసింది. నిజంగానే బాగుంది. పావుగంట ఎండలో నడిచి, ఈ షెడ్డు ఉడుకులోకి వచ్చేసరికి అడుగున పేరుకున్న తెలుపంతా కరిగిపోయింది. ఇప్పుడది ఉత్త నల్లటి నూనె సీసా.

“మీ తమ్ముడు చెప్పేశాడు,” అంది.

ఆయన సీసా కింద పెట్టాడు. గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఏం చెప్పాడు?”

“మీరే చెప్పండి. మీ నోటితో వినాలని ఇంత దూరం వచ్చాను.”

“ఇరవై నాలుగు,” అన్నాడాయన. “ఇరవై ఐదు. ఇరవై ఆరు. మళ్లీ ఇరవై నాలుగు. తొమ్మిదేళ్లుగా ఇవే అంకెలు. నువ్వు ప్రతిసారీ ఇంకొక్కసారి అంటావు. నేను ప్రతిసారీ పన్నెండు బోల్టులు బిగిస్తాను, విప్పుతాను. వాళ్లు ముప్పై ఐదు అన్నారు. రాదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ చెరువులో నాచుకి అంత లేదు.”

“నాకు తెలీదు.”

“సరే, నీకు తెలీదు. నాకు తెలుసు. ఒక్కసారి సంతకాలు పడనీ, చెరువులు మన చేతికి రానీ. తర్వాత ఇరవై నాలుగొచ్చినా ఎవడూ వచ్చి కొలవడు.”

“నేను కొలుస్తాను.”

ఆయన గ్రీజు డబ్బాకి మూత పెట్టాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను.”

“అందుకే.”

ఎంత తేలిగ్గా అనేశాడు! ఇంట్లో ఉప్పు లేదంటే తెచ్చుకో అన్నట్టు అనేశాడు. నాచమ్మకి ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. కళ్లు భగభగ మండాయి.

“మరి సంతకం మీరే పెట్టుకోవాల్సింది. నా చేత ఎందుకు పెట్టించారు?”

“నా సంతకానికి విలువేముంది? వెల్డింగు చేసుకునేవాణ్ని.”

“నా సంతకానికి ఎందుకుంది విలువ? అది చెప్పండి. ఎందుకుంది?”

ఆయన తల తిప్పుకున్నాడు.

ఎందుకుందో ఇద్దరికీ తెలుసు. తొమ్మిదేళ్ల కిందట నాచమ్మ పెద్ద ప్రయోగశాలలో ఉద్యోగం చేసేది. అక్కడి పెద్దాయన రాని అంకెల్ని వచ్చినట్టు రాస్తుంటే, నిండు సభలో లేచి, ఇవి తప్పుడు అంకెలని చెప్పింది. మర్నాడే ఆమెని బయటికి పంపేశారు. ఆ రోజు ఆమె వెనకాలే ఇంకొక మనిషి నడిచి వచ్చాడు. అక్కడే బాయిలర్లు చూసే ఈయన, తాళాల గుత్తి పెద్దాయన బల్ల మీద పడేసి వచ్చేశాడు. గేటు దగ్గర నిలబడి, ‘అబద్ధం రాసేచోట నువ్వెందుకు? నీకు కుక్కరు నేను చేసిపెడతాను,’ అన్నాడు. నాచమ్మ ఆ మాటని తొమ్మిదేళ్లుగా నెత్తిన పెట్టుకుని మోస్తోంది. అత్తగారి సాధింపులూ, వీధిలో వెక్కిరింపులూ, పోయిన ఉద్యోగమూ, అన్నీ ఆ ఒక్క మాట కోసమే భరించింది.

“అబద్ధం రాయనని వచ్చేసినదాన్ని కాబట్టి నా సంతకాన్ని నమ్ముతారు. మీరు వాడుకున్నది దాన్నే,” అంది. “నూనె కలిపినందుకు కాదు. చెడిపోయిన నూనె, పోతే పోయింది. నా దగ్గర ఇంకేముందండీ? ఆ ఒక్కటేగా ఉంది. దాన్ని పట్టుకెళ్లి ఆ డ్రమ్ములో పోశారు.”

“నీ కోసమే చేశాను.”

“నా కోసం అనకండి. ఇంకేమైనా అనండి.”

షెడ్డు రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమే మూల ఉన్న నీలం డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. మూత తీసింది. పైన సన్నగా జిడ్డు మెరుస్తోంది. ముక్కు లేకపోయినా కళ్లున్నాయి, కానీ ఇన్నాళ్లూ వాటితో చూడలేదు. వంగి అడుగున కుళాయి తిప్పింది. పచ్చటి గంజి భళ్లున కాలవలోకి దూకింది.

ఆయన రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆపుతాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆపితే ఏం చేసేదో ఆమెకి తెలీదు. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

ఆఖరికి ఆయనే బకెట్టు తీసుకుని తేర్చే తొట్టి దగ్గరికి వెళ్లాడు. అడుగున చేరిన అసలు నాచు చిక్కగా ముంచి తెచ్చి, తూచి కుక్కరులో పోశాడు. ఒకటి, రెండు, మూడు బకెట్లు. మరిది వచ్చి గుమ్మంలో నిలబడి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పంపు దగ్గరికి పోయాడు.

బకెట్లు మోస్తున్న ఆ వీపు చూస్తుంటే నాచమ్మ మనసు మెత్తబడింది. ఎంత కాదన్నా తొమ్మిదేళ్లు పక్కన నిలబడ్డ మనిషి. బుద్ధి గడ్డి తిని ఒక్కసారి జారాడు.

“కమిటీ రాగానే చెప్పేద్దాం,” అంది. “ముప్పై ఒకటి కొట్టేయమందాం. మీరు తప్పు చేశారని నేననను. మన షెడ్డులో తప్పు జరిగింది అందాం. ఇద్దరం కలిసి చెబుదాం.”

“రాగానే వద్దు,” అన్నాడాయన బోల్టు తిప్పుతూ. “ముందు ఇవాళ్టిది నడవనీ. ముప్పై దగ్గరికి వచ్చిందనుకో, అప్పుడు చెబితే కాస్త మర్యాదగా ఉంటుంది.”

“చెబుతారుగా?”

“ఊఁ.”

“నా మొహం చూసి చెప్పండి.”

“చెబుతానన్నానుగా,” అన్నాడు. ఏడో బోల్టు బిగుస్తోంది, కళ్లు దాని మీదే ఉన్నాయి.

నాచమ్మ నమ్మింది. ఆమెకి నమ్మడం అలవాటు.

*

పదకొండంటే పదకొండుకే కమిటీ దిగింది. ముగ్గురు మనుషులు. మాట్లాడేది మాత్రం ఒక్కరే, మునిసిపాలిటీ ఇంజనీరుగారు. మిగతా ఇద్దరూ ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకునే పనిలో ఉన్నారు. ఇంజనీరుగారు కుక్కరు మీటర్లో ముల్లు పైకి పాకుతుంటే, పెద్దమనిషి తరహా చెడకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ స్తంభం చాటుకి చేరారు.

“ఇది పేలదు కదమ్మా?”

“పేలదండీ. మా ఆయన చేసింది,” అంది నాచమ్మ అలవాటుకొద్దీ. అన్నాక నాలిక కరుచుకుంది.

కుక్కరు గంటసేపు వేడెక్కింది. పావుగంట మూడు వందల నలభై దగ్గర నిలబడింది. చల్లార్చడానికి ఇంకో గంట. ఆ రెండు గంటల్లో ఆయన ఒక్కసారి కూడా ఆమె పక్కకి రాలేదు. ఇంజనీరుగారికి కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, ఉక్కు ఎంత మందమో చెప్పాడు. ఒకటి రెండుసార్లు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆయనకి నవ్వెలా వస్తోందా అని నాచమ్మకి ఆశ్చర్యం వేసింది.

బోల్టులు విప్పారు. కంపు గుప్పున వచ్చింది. రుమాళ్లవాళ్లిద్దరూ ఒక్క ఉదుటున బయటికి పరుగెత్తారు. నాచమ్మకి వాసన తెలీలేదు గానీ వాళ్ల పరుగు చూసి తెలుసుకుంది, ఇది మంచి కంపు, నిజం కంపు. మనసులో కాస్త ధైర్యం వచ్చింది.

నూనె వేరు చేసి కాటా మీద పెట్టారు. అంకె చదివింది ఇంజనీరుగారే. జేబులోంచి లెక్కల యంత్రం తీసి రెండుసార్లు నొక్కారు.

“ఇరవై ఆరు,” అన్నారు. కళ్లజోడు సర్దుకున్నారు. “ఇరవై ఆరేంటమ్మా? మాకు పంపిన కాగితంలో ముప్పై తొమ్మిది అని ఉంది. అది చూసేగా మేం వచ్చింది. అదే చెరువు, అదే నాచు, అదే కుక్కరు. ఆ పదమూడు పాళ్లు ఎక్కడికి పోయాయి?”

ఇదే సమయం. నాచమ్మ భర్త వైపు చూసింది. మీరు మొదలుపెట్టండి, నేను అందుకుంటాను అన్నట్టు చిన్నగా తలూపింది కూడా.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ముప్పై ఒకటో బ్యాచ్ సంగతేనా సార్?” అన్నాడు. “పుస్తకంలో ఎవరి సంతకం ఉందో చూడండి. నేను బోల్టులు బిగించేవాణ్ని. అందులో ఏం పోశారో, ఎలా తూచారో, ఏం రాసుకున్నారో, అదంతా కెమిస్టులకే తెలియాలి.”

పంపు దగ్గర మరిది “అన్నయ్యా!” అన్నాడు.

నాచమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా తను సరిగ్గా వినలేదేమో అనుకుంది. ఇద్దరం కలిసి చెబుదాం అన్నదానికి ఆయన ఊఁ అన్నాడు. ఇంకా మూడు గంటలు కూడా కాలేదు. అంటే బకెట్లు మోస్తున్నప్పుడే ఈ మాట ఆయన నోట్లో తయారుగా ఉందన్నమాట. ఆ వీపు చూసి ఈవిడ మనసు మెత్తబడింది! బల్ల పట్టుకుని నిలబడింది.

ఇంజనీరుగారు పుస్తకం అందుకుని పేజీలు తిప్పారు. ఒక చోట ఆగి, వేలు పెట్టి, పుస్తకం ఆమె వైపు తిప్పారు. ఆయన గొంతులో ఇందాకటి మర్యాద లేదు.

“ఇది మీ సంతకమేనా?”

“నాదేనండీ.”

“ఎవరైనా బలవంతాన పెట్టించారా?”

“లేదండీ. సంతోషంగా పెట్టాను.”

“తొమ్మిదేళ్ల కిందట ఆ ప్రయోగశాలలో గొడవ చేసింది మీరే కదూ? మీ పేరు చూసే ఈ అంకెని నేను మారు మాట లేకుండా నమ్మాను. మా వాళ్లు అనుమానపడితే, ఆవిడ అబద్ధం రాయదయ్యా అని నేనే వాదించాను.” ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. “సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. ఈ బ్యాచ్ మీరే దగ్గరుండి నడిపారా?”

అవునంటే తను దొంగ. కాదంటే, చూడకుండా సంతకం పెట్టిన కెమిస్టు, ఆ పైన మొగుణ్ని పదిమందిలో నిలబెట్టిన పెళ్లాం. ఆయనకి బాయిలరు లైసెన్సు పోతుంది, ఈ జన్మలో ఇంకెవరూ ఆయన చేత ఉక్కు ముట్టించరు. తొమ్మిదేళ్ల కిందట లేచి నిలబడినప్పుడు ఎదురుగా ఉన్నవాడు పరాయివాడు. అలాంటివాడి మీద నిజం చెప్పడం ఎంత తేలికో అప్పుడు ఆమెకి తెలీలేదు.

భర్త కాటా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఏం చెబుతుందో ఆయనకి తెలుసు, లేదా తెలుసని అనుకుంటున్నాడు. తనని ఎప్పుడూ కాపాడుకొచ్చిందే కదా, ఇప్పుడూ కాపాడుతుందని ధీమా.

నాచమ్మ ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది. కాటా కనపడకుండా అడ్డంగా నిలబడింది.

“ఏవండీ,” అంది. ఇంట్లో పిలిచినట్టే పిలిచింది. “అడుగుతున్నారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”